మిట్టమధ్యాహ్నం తలెత్తిన పిల్ల

ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం, గొర్రెల మందని ఎప్పుడైనా నిలబడి చూశారా? చూసి ఉంటే ఈ కథ సగం మీకు తెలిసినట్టే. చూడనివాళ్ళ కోసం చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

కంది కోసేసిన మెట్ట చేలల్లో నీడ అన్నది ఉండదు. మైలుకో తుమ్మచెట్టు ఉంటే గొప్ప. ఎండ నడినెత్తికి వచ్చేసరికి గొర్రెలన్నీ ఒకచోట గుంపుగా చేరి తలలు దించేస్తాయి. ఒకదాని పొట్ట కింద ఇంకోటి తల దూర్చి నిలబడుతుంది. దీని నీడ దానికి, దాని నీడ ఇంకోదానికి. దూరం నుంచి చూస్తే వీపులు తప్ప ఒక్క తలకాయ కనపడదు. మేపే మనిషి, ఉన్న ఆ ఒక్క తుమ్మచెట్టు కిందికి పోయి మొహాన తుండుగుడ్డ వేసుకుంటాడు. కుక్క ఆయన కాళ్ళ దగ్గర నాలుక వేలాడేసుకుని కళ్ళు మూస్తుంది. ఆ రెండు గంటలూ ఆ చేలో ఎవరూ ఎవరినీ చూడరు.

ఎందుకే తల్లీ ఇట్లా నిలబడతారు అని గొర్రెని అడగండి. "మా అమ్మ నిలబడింది" అంటుంది. వాళ్ళమ్మ ఎందుకు నిలబడిందట? "వాళ్ళమ్మ నిలబడింది." ఇక అక్కడితో మనం నోరు మూసుకోవాల్సిందే.

గుండ్లకమ్మ ఏటి అవతల బీరయ్య అనే ఆయన మందలో నల్లమూతి అని ఒక గొర్రె ఉండేది. ఒళ్ళంతా తెలుపు, మూతి ఒక్కటీ నలుపు. అంతకుముందు రెండు ఈతలు ఈనింది. ఆ పిల్లలు రెండూ పాలు మరిచిన రోజునే మందలో కలిసిపోయాయి, ఏది తన పిల్లో కొన్నాళ్ళకి తనకే తెలియకుండా పోయింది. గొర్రెల్లో అది మామూలే. ఎవరూ బాధపడరు.

మూడో కాన్పులో ఒక పోతుపిల్ల పుట్టాడు. మొదటి నెల వాడూ అందరిలాంటి పాలముద్దే. తాగడం, పడుకోవడం, మళ్ళీ తాగడం. రెండో నెల పడ్డాక వాడిలో ఎవరో ఒకరు ఉన్నట్టు నల్లమూతికి తెలిసొచ్చింది. మనవైపు అయితే "పిల్లాడు మనిషయ్యాడు" అంటాం. గొర్రెలు ఏమంటాయో నాకు తెలీదు.

వాడు పాలు తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేసి, తల తిప్పి, ఎవరు పోతున్నారో చూసేవాడు. చూశాక గానీ మళ్ళీ తాగడు. నల్లమూతి పడుకుంటే వీపు మీదికి ఎక్కి నిలబడేవాడు. అక్కణ్ణుంచి కిందికి దూకి, తానే ఆశ్చర్యపోయి, మళ్ళీ ఎక్కేవాడు. బుల్లి మెడని అంత పొడుగు సాగదీసి అన్నిటినీ నిక్కి నిక్కి చూస్తాడని మంద వాడికి "నిక్కుగాడు" అని పేరు పెట్టింది. వెక్కిరింతకి పెట్టిన పేరే. తల్లికి మాత్రం అది ముద్దొచ్చింది. తనూ అలాగే పిలవడం మొదలుపెట్టింది.

"అమ్మా, అదేంది?"

"కాకి."

"గొర్రె మీద ఎందుకు కూచుంది?"

"పిడుదులు ఏరుకు తింటది అబ్బయ్యా."

"మరి గొర్రె పోయి కాకి మీద ఎందుకు కూచోదు?"

నల్లమూతికి అంత వయసొచ్చింది, ఆ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. ఆ పూటంతా మేస్తూ మేస్తూ దాన్ని తలుచుకుని నవ్వుకుంటూనే ఉంది.

మూడో నెల పడ్డాక బీరయ్య పిల్లల్ని కూడా మందతో మేతకి తోలడం మొదలుపెట్టాడు. మొదటిరోజే దారిలో చిన్న కాలవ అడ్డం వచ్చింది. మోకాటి లోతు నీళ్ళు. పెద్దవన్నీ దాటేశాయి, పిల్లలు తల్లుల వెనకాల దాటేశాయి. నిక్కుగాడు గట్టు మీద నిలబడిపోయాడు.

"రారా, అందరూ పోతన్నారు."

"నేనే దాటతా."

"నువ్వే దాటు. ఎవరొద్దన్నారు? దాటు."

"ఆగమ్మా! వాసన చూడనీ."

నీళ్ళని వాసన చూశాడు. గట్టుని చూశాడు. ఒక కాలు పెట్టి తీశాడు. ఇంకో కాలు పెట్టి తీశాడు. మంద ఫర్లాంగు దూరం పోయింది. బీరయ్య విసుక్కుంటూ వెనక్కి వచ్చి, వాణ్ణి చంకలో ఇరికించుకుని అవతలి గట్టున దించాడు. దించీ దించగానే వాడు గిరుక్కున తిరిగి మళ్ళీ ఇవతలికి దూకాడు! ఒళ్ళంతా తడుపుకుని, వణుక్కుంటూ, ఈసారి తనంతట తనే దాటి తల్లి దగ్గరికి వచ్చాడు.

"చూశావా? నేనే దాటా."

"చూశాలే నా తండ్రీ, చూశా" అంది నల్లమూతి వాడి చెవుల మీది నీళ్ళు నాకుతూ. కోపం రావాల్సింది, దానికి రాలేదు. రెండుసార్లు తల్లి అయినదానికి అప్పుడే మొదటిసారి తల్లి అయినట్టు అనిపించింది. ఏం చేస్తాం, పిల్లల మీద ప్రేమ అంతా పుట్టిన రోజునే రాదు. కొంత వాళ్ళు ఎదురు తిరిగిన రోజున వస్తుంది.

మిట్టమధ్యాహ్నం అయింది. మంద గుంపుగా చేరి తలలు దించింది.

"నా పొట్ట కింద తల పెట్టుకో అబ్బయ్యా. ఎండ."

"ఊహూ."

"మాడిపోతావురా."

"కింద ఏమీ కనపడదమ్మా. పొట్టలే కనపడతయ్."

"పైన మాత్రం ఏముంది చూసేదానికి?"

"చూస్తే గదా తెలిసేది!"

వాడు తల్లి నీడలోనే ఒళ్ళు ఉంచి, మెడ ఒక్కటి బయటికి సాచి నిలబడ్డాడు. చూసింది చూసినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. "అమ్మా, గద్ద తిరగతా ఉంది. అమ్మా, సుడిగాలి లేచింది, దాంట్లో ఒక ఆకు పైకి పోతా ఉంది, పోతా ఉంది... అమ్మా, మన కుక్క కల్లో పరిగెత్తతా ఉంది, కాళ్ళు ఆడిస్తా ఉంది!"

నల్లమూతి కళ్ళు మూసుకుని వింటూ ఉండిపోయింది. పుట్టి ఆరేళ్ళయింది. మధ్యాహ్నం పూట లోకం ఎట్లా ఉంటుందో దానికి తెలియదు. ఇప్పుడు కొడుకు చెబుతుంటే తెలుస్తోంది. ఎప్పుడు ఎండ ఎక్కుతుందా, ఎప్పుడు వీడు కబుర్లు చెబుతాడా అని పొద్దున్నించీ ఎదురుచూడటం దానికి అలవాటయింది.

ఇట్లా వారం గడిచింది. ఎనిమిదో రోజున నిక్కుగాడు గట్టిగా అరిచాడు. "అమ్మా! ఎర్రగా ఏదో పాకతా వస్తా ఉంది!"

మంద ఉలిక్కిపడి తలలెత్తింది. కుక్క లేచి మొరిగింది. బీరయ్య కర్ర పుచ్చుకుని నాలుగడుగులు వేసి, నాలుగు దిక్కులా చూసి, ఏమీ కనపడక, మళ్ళీ పోయి పడుకున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ప్రతిసారీ వాడు అరవడం, అందరూ లేవడం, చేలో కంది మోళ్ళు తప్ప ఏమీ లేకపోవడం.

ఉన్నది నక్క. దానికి ఆ కంది మోళ్ళ రంగే ఉంది, పొట్ట నేలకి ఆనించి పడుకుంటే బీరయ్యకి కాదు గదా, దాని తోబుట్టువులకి కూడా కనపడదు. ఎన్నో ఏళ్ళుగా మిట్టమధ్యాహ్నం మందల అంచున నిలబడ్డ పిల్లల్ని సద్దు లేకుండా ఎత్తుకుపోతోంది. ఈసారి మూడు రోజులు వరసగా ఆకలితో వెనక్కి పోయింది. ఎవరి వల్ల? బెత్తెడు మెడ ఉన్న ఒక పాలపిల్లాడి వల్ల.

ఇంకో నక్క అయితే వేరే మందని వెతుక్కునేది. ఇది అట్లాంటిది కాదు. రెండు రోజులు దూరంగా కూచుని మందనంతా గమనించింది. ఎవరు ఎవరితో మాట్లాడతారు, ఎవరి మాట చెల్లుతుంది, ఎవరికి పొగడ్త కావాలి, అన్నీ చూసుకుంది. చూసుకుని, ఒక సాయంత్రం, మందని దడిలోకి తోలి బీరయ్య పొయ్యి రాజేసుకుంటున్న వేళ, గాలికి ఎదురుగా వచ్చి ముళ్ళకంప అవతల కూచుంది. కంపకి ఇవతల లోలాకులమ్మ నెమరు వేస్తోంది.

లోలాకులమ్మ అంటే మందలో అందరికంటే పెద్ద గొర్రె. మెడ కింద రెండు లోలాకులు వేలాడుతుంటాయి కాబట్టి ఆ పేరు. మందలో ఎవరు తుమ్మినా అది ఎందుకు తుమ్మకూడదో చెబుతుంది. చెడ్డది కాదు, మాట చెల్లకపోతే నిద్రపట్టనిది, అంతే.

"అక్కా, భయపడబాకు. మధ్యలో కంప ఉంది. నేను ముసిలోణ్ణి" అంది నక్క.

"థూ, నక్క వెధవా! అరిచానంటే కుక్క వస్తది."

"అరువు. నేనొద్దనటల్లా. ఒక్క మాట చెప్పి పోతా. ఈ చుట్టుపక్కల ఎన్ని మందల్ని చూశానో. మధ్యాహ్నం పూట ఇంత ఒద్దికగా నిలబడే మందని ఎక్కడా చూళ్ళా. ఇది ఎవరి పెంపకమా అనుకున్నా. నువ్వేనంట గదా!"

లోలాకులమ్మ అరవడం మానేసింది. "ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పేదేంది, తెలవటల్లా? అందుకే బాధగా ఉంది అక్కా. అంత మందలో ఒక్క తల లేచి ఉంటంది చూడు, ఆ పిల్లోడిది. ఆ కొండ మీద రెండు తోడేళ్ళు దిగినయ్. చదునుగా వీపులుంటే వాటికి మట్టిదిబ్బల్లాగ కనపడతయ్. ఒక్క తల ఆడిందో, కొండ మీదనించి కనపడిపోద్ది. అవొస్తే మీ సంగతి తర్వాత, నా సంగతీ అయిపాయె. నా భయం నాది. నువ్వు పెద్దదానివి, నీకు తోచింది చెయ్యి."

అంతే చెప్పి లేచి పోయింది. ఎక్కువ చెప్పలేదు. ఇది చెయ్యి అని చెబితే అనుమానం వస్తుంది, భయపడు అని చెబితే నమ్మకం వస్తుంది. ఆ సంగతి దానికి బాగా తెలుసు, పాడు జన్మ.

మర్నాడు పొద్దున లోలాకులమ్మ నల్లమూతి పక్కకి చేరింది. నక్క మాటని నక్కది అని చెప్పలేదు. చెబితే తన పెద్దరికం ఏం కావాలి?

"ఏందమ్మే, పిల్లోణ్ణి అట్టాగే వదిలేస్తావా?"

"ఏం చేశాడు పెద్దమ్మా?"

"మధ్యాహ్నం తలెత్తి నిలబడతన్నాడు. కొండ మీద తోడేళ్ళు దిగినయ్ తెలుసా? ఆ ఒక్క తలకాయ చూసి మంద మీదికొస్తే ఎవరిదే పాపం? ఇంతమంది తల్లులున్నారు, ఇంతమంది పిల్లలున్నారు. నీ ఒక్కదాని ముద్దు కోసం అందరం చావాలా?"

చుట్టూ ఉన్న గొర్రెలన్నీ మేత ఆపి నల్లమూతి వంక చూశాయి. వాడు అరిచిన ఆ మూడు రోజులూ వాటికీ మధ్యాహ్నం నిద్ర లేదు. "అవును మరి" అని ఒకటి, "ఆ అరుపులకి నా పిల్ల పాలు కక్కుకుంటంది" అని ఇంకొకటి, "కాలవ దగ్గర చూడలా వాడి తీరు?" అని మరొకటి. నల్లమూతి ఎప్పుడూ మందలో ఒక మాట పడ్డది కాదు. సిగ్గుతో దాని చెవులు వేలాడిపోయాయి. ఆ సిగ్గు పక్కనే భయం కూడా వచ్చి కూచుంది. నిజంగానే తోడేలు వస్తే ముందు పట్టేది లేచి ఉన్న తలనే గదా.

ఆ మధ్యాహ్నం వాడి మెడ మీద తన గడ్డం పెట్టి నొక్కింది. వాడు ఆట అనుకుని కిందనించి జారి మళ్ళీ లేచాడు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ లేచాడు.

"అమ్మా, గద్ద ఇవాళ రెండయినయ్."

"మాట్లాడబాకు. దించు."

"ఎందుకు?"

"ఎందుకు అని అడగబాకు. దించమంటే దించాలి."

"ఊహూ."

సాయంత్రం వాడు పాలకి వస్తే నల్లమూతి పక్కకి జరిగింది. "తల దించి నిలబడినోళ్ళకే పాలు" అంది. వాడు నమ్మలేదు. చుట్టూ తిరిగి అటునించి వచ్చాడు, అటు జరిగింది. ముందు నవ్వాడు, తర్వాత గింజుకున్నాడు, తర్వాత ఏడ్చాడు. ఆకలితోనే కంపకి ఆనుకుని పడుకున్నాడు. పొదుగు సలుపుతుంటే తల్లి పడుకోలేదు. వాడి మంచికే గదా, వాడు బతకడానికే గదా అని తనకి తనే చెప్పుకుంది.

రెండో రోజు వాడు కాసేపు దించి ఎత్తాడు. మూడో రోజు ఇంకాసేపు దించాడు. నాలుగో రోజు ఎండ ఎక్కగానే, ఎవరూ చెప్పకముందే, వచ్చి తల్లి పొట్ట కింద తల దూర్చాడు.

"ఇట్టా చాలా అమ్మా?"

"చాలు నాయనా."

"పాలిస్తావా?"

"ఇస్తాలే తండ్రీ, ఎందుకియ్యను, నీకు కాక ఇంకెవరికి" అంది నల్లమూతి.

"చూశావా మరి! చెబితే వింటారు పిల్లలు" అంది లోలాకులమ్మ. మందంతా మెచ్చుకుంది. అవమానం తీరిపోయింది. అయినా నల్లమూతికి ఆ మధ్యాహ్నం ఎంతకీ గడవలేదు. పొట్ట కింద చిన్న ఊపిరి వెచ్చగా తగులుతోంది గానీ మాట లేదు. గద్ద ఉందో లేదో తెలియదు. అంతకంటే తనని కలవరపెట్టిన సంగతి ఇంకోటి ఉంది. ఆ సాయంత్రం కాలవ దగ్గర నిక్కుగాడు వాసన చూడలేదు. నేనే దాటతా అనలేదు. ముందు పోయే పిల్ల తోక వెనకాల తల దించుకుని దాటేశాడు. ఒక్క మెడని వంచాననుకుంది తల్లి. పిల్లల్లో అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఒకటి వంచితే ఒకటే వంగదని దానికి ఎవరు చెబుతారు? నాకే నా పిల్లలు పెద్దయ్యాక తెలిసింది.

ఐదో రోజు నడిమధ్యాహ్నం. గాలి లేదు. బీరయ్య గురక వినపడుతోంది. ఆరోజు నల్లమూతి గుంపు లోపల చోటు దొరక్క అంచున నిలబడింది. పొట్ట కింద నిక్కుగాడు కదిలాడు.

"అమ్మా."

"ఊఁ."

"ఏదో వాసన వస్తా ఉంది. అప్పుడొచ్చిందే, ఆ వాసన."

"ఊఁ."

"చూడనా?"

చూడు అని ఉంటే చాలు. ఒక్క మాట. నల్లమూతి సగం నిద్రలో ఉంది. పక్కనే లోలాకులమ్మ ఉంది, చుట్టూ అన్ని చెవులున్నాయి. వీడు మళ్ళీ మొదలుపెట్టాడని ఎవరైనా అంటారేమో అన్న సిగ్గు నిద్రలోనూ ఉంది.

"వద్దు నాయనా. తల దించు."

"సరే అమ్మా."

వాడు దించాడు. మంచి పిల్లాడు కాబట్టి దించాడు.

నక్క ఆఖరి పదడుగులు పరిగెత్తను కూడా లేదు, నడిచి వచ్చింది. గొంతు దొరకబుచ్చుకుంటే అరుపు రాదు. నల్లమూతికి పొట్ట కింద ఏదో మెత్తగా రాసుకుపోయినట్టు మాత్రం అనిపించింది. వీడు కాళ్ళు మార్చుకున్నాడు కాబోలు అనుకుంది.

ఎండ వాలాక తలెత్తింది. వాడు లేడు. వెనక ఉన్నాడేమోనని వెనక్కి చూసింది. మందలో ఉన్నాడేమోనని మందంతా తిరిగింది. ప్రతి పిల్లనీ వాసన చూసింది, ప్రతి తల్లీ కసిరింది. చివరికి పిలవడం మొదలుపెట్టింది. ఆ పిలుపుకి బీరయ్య లేచి, పిల్లల్ని ఒకసారి తల తడిమి చూసుకుని, "అయ్యో, ఆ కాలవ దగ్గరి పిల్లోడు" అన్నాడు. కుక్క నేల వాసన చూస్తూ గట్టు దాకా పోయింది. అక్కడ ఎర్రమట్టిలో ఈడ్చుకుపోయిన జాడ, తుమ్మకొమ్మ కింద చారెడు తెల్ల బొచ్చు. బీరయ్య అక్కడే గొంతుక్కూచుని తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

నల్లమూతి ఆ జాడ దగ్గరనించి కదలనంది. ఆయన కర్రతో తోలలేక తోలాడు.

పొద్దు గూకే వేళకి కంప అవతలనించి గొంతు వినపడింది. ఈసారి నక్క గొంతు తగ్గించి మాట్లాడలేదు. కడుపు నిండినవాళ్ళకి గొంతు దానంతటదే లేస్తుంది.

"లోలాకులక్కా! ఉన్నావా? ఆరోజు నేను చెప్పిన మాట బాగా పనిచేసింది. నీ చలవే. ఒక్కణ్ణే అయితే ఆ మెడని వంచగలిగేవాణ్ణి కాదు. పిల్లోడు ఎంత బుద్ధిమంతుడయ్యాడనీ, కిక్కురుమనలా!"

కుక్క కంప దూకి తరిమింది. నక్క అప్పటికే నవ్వుకుంటూ గట్టెక్కింది.

మందంతా లోలాకులమ్మ వంక తిరిగింది. అది ఎప్పుడూ లేనంత చిన్నదైపోయింది.

"పెద్దమ్మా, తోడేళ్ళ మాట నీకు చెప్పింది అదా?" అంది నల్లమూతి.

"మంచికే చెబుతున్నాడనుకున్నా తల్లీ. నన్ను పొగిడాడు. నేను..." అని ఆగిపోయింది లోలాకులమ్మ. "నన్ను తిట్టవే. పొడువు. ఏదో ఒకటి చెయ్యి."

"నిన్నేం చేసేది పెద్దమ్మా? నువ్వు మాటే చెప్పావు. పాలు మాన్పింది నేను. చూడనా అని వాడు నన్నే అడిగాడు." అంతవరకూ ఏడవని గొర్రె అప్పుడు ఏడ్చింది. "వాడికి తెలుసు పెద్దమ్మా. వాడికి తెలిసి కూడా, నేను వద్దన్నానని ఆగిపోయాడు. నా మాట వినకుండా ఉంటే బతికేవాడు. నా మాట వినేదాకా నేను ఊరుకోలేదు."

మొన్న లోలాకులమ్మకి వంత పాడిన ముగ్గురూ నేల చూపులు చూశారు.

మూడు రోజులకి నల్లమూతి పొదుగు రాయిలా గట్టిపడింది. మేత ముట్టదు, నీళ్ళు ముట్టదు. పాలు ఎవరూ తాగకపోతే జ్వరం వస్తుందని బీరయ్య ఊళ్ళోనించి ఒక పిల్లని చంకలో పెట్టుకుని తెచ్చాడు. దాని తల్లి కడుపుబ్బరంతో చచ్చిపోయింది. ఆడపిల్ల, మూడో నెలది, ఎవర్ని చూసినా కాళ్ళు ముడుచుకునే రకం. నల్లమూతిని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుని, పిల్ల మూతిని పొదుగుకి అందించాడు.

నల్లమూతి ఒక తన్ను తన్నింది. దాని వాసన వాడి వాసన కాదు. పిల్ల పడి, లేచి, దూరంగా నిలబడి వణికింది. బీరయ్య మళ్ళీ పట్టుకొచ్చాడు. రెండోసారి నల్లమూతి తన్నలేదు. మనసొప్పి కాదు, ఓపిక లేక. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, ఎవరో లాక్కుంటారన్నట్టు గబగబా తాగింది. పొదుగు సలుపు తగ్గింది. ఏడుపు తగ్గలేదు. అది వేరు, ఇది వేరు.

మర్నాడు మధ్యాహ్నం మంద గుంపుగా చేరింది. తలలు దిగాయి. లోలాకులమ్మ కొత్త పిల్ల వంక చూసి ఏదో చెప్పబోయి, నోరు మూసుకుని, తన తలా దించుకుంది. అంతమంది మధ్యలో ఆ పిల్లకి ఏం చెయ్యాలో తెలియలేదు. ఎవరి పొట్ట కిందికి పోతే ఎవరు కసురుతారో అని నిలబడి నిలబడి, భయపడుతూనే నల్లమూతి దగ్గరికి వచ్చింది.

"అత్తా, నేనూ తల దించాల్నా?"

నల్లమూతి దాని వంక చూసింది. ఇది నిక్కుగాడు కాదు. ఎన్ని రోజులు పాలిచ్చినా నిక్కుగాడు అవదు. ఇది భయస్తురాలు, దీనికి గద్దలతో పనిలేదు, నీడ దొరికితే చాలు. దీని లోపల ఉన్నవాళ్ళు వేరేవాళ్ళు. వాళ్ళెవరో ఇంకా తెలియదు. తెలుసుకోవాలని మనసు కూడా లేదు, అంత నొప్పిగా ఉంది. అయినా నీకేం కావాలని ఎవరో ఒకరు అడగాలి కదా, అడగకపోతే ఏమవుతుందో చూసింది కదా.

"నాకు తెలీదమ్మా" అంది. "నీకెట్టా ఉంటే బాగుంటదో నువ్వే చెప్పు. నేను వింటా."

పిల్లని మార్చమని ఎవరైనా మంచిగా చెబితే, ఆ పిల్ల మారితే ఎవరి కడుపు నిండుతుందో ముందు కనుక్కోవాలి.